మందుల కవర్ మొత్తం చూపించండి: ఈస్ట్రోజెన్ మాత్రతో ఏది కలిస్తే ప్రమాదం?

మన వాడల్లో చాలా ఇళ్లలో గోడ మేకుకో, బీరువా పిడికో ఒక ప్లాస్టిక్ కవర్ వేలాడుతూ ఉంటుంది. అత్త బీపీ గోలీలు, కోడలి రక్తం మాత్రలు, పోయినేడాది టీబీ వచ్చినప్పుడు మిగిలినవి, మోకాళ్ల నొప్పులకు ఆర్‌ఎంపీ డాక్టర్ ఇచ్చిన పేరు లేని తెల్ల బిళ్లలు, అన్నీ అందులోనే ఉంటాయి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మాత్రం ఆ కవర్ ఇంట్లోనే ఉండిపోతుంది. అక్కడ డాక్టర్ మనకు ఇచ్చేది రెండు నిమిషాలు. "ఇంకేం మందులు వాడుతున్నావమ్మా?" అని అడిగే వారు తక్కువ. అడగకపోతే మనంతట మనం చెప్పడానికి నోరు రాదు.

ఈ ప్రశ్న అడగకపోతే ఎంత నష్టమో తెలియాలంటే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ మందును చూస్తే చాలు. ఇది ఇంకో మందుతో కలిసినప్పుడు పనిచేయకుండా పోవచ్చు. ఇంకో మందును పనిచేయకుండా చేయవచ్చు. ఒంట్లో ముందే ఉన్న జబ్బును ప్రాణం మీదికి తేవచ్చు. పేదరికంతో పాటు వచ్చే జబ్బులకు వాడే మందులతోనే దీనికి ఎక్కువ పేచీ.

ఎవరు వాడుతున్నారు?

ఈస్ట్రోజెన్ ఆడవాళ్ల అండాశయాల్లో తయారయ్యే హార్మోన్. మందు రూపంలో దీన్ని ముఖ్యంగా మూడు రకాల వాళ్లు వాడతారు.

మొదటివారు గర్భం రాకుండా మాత్రలు వేసుకునే వాళ్లు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్, షాపుల్లో దొరికే మాలా-డి రెండింటిలోనూ ఎథినైల్ ఎస్ట్రాడియోల్ అనే ఈస్ట్రోజెన్ 30 మైక్రోగ్రాములు ఉంటుంది. దానితో పాటు లెవోనార్జెస్ట్రల్ అనే మరో హార్మోన్ ఉంటుంది. ప్యాకెట్‌లోని 28 మాత్రల్లో 21 హార్మోన్‌వి, 7 ఐరన్‌వి.

రెండోవారు ముట్లు ఆగిపోయాక లేదా ఆపరేషన్‌లో అండాశయాలు తీసేశాక ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేమి, ఎముకల బలహీనత తగ్గడానికి వాడేవాళ్లు. మూడోవారు ట్రాన్స్ మహిళలు.

వీళ్లలో చాలామంది చేతికి ఈ మందు నేరుగా మెడికల్ షాపు నుంచో, ఆర్‌ఎంపీ నుంచో, స్నేహితుల సలహాతోనో వస్తుంది. కాబట్టి ఏది దేనితో కలవకూడదో వాడేవాళ్లకే తెలియాలి.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మింగిన మాత్ర పేగుల నుంచి ముందు కాలేయానికి వెళ్తుంది. అక్కడ కొన్ని ఎంజైమ్‌లు దాన్ని విరగ్గొట్టి బయటకు పంపిస్తాయి. ఈస్ట్రోజెన్‌ను విరగ్గొట్టే ముఖ్యమైన ఎంజైమ్ పేరు సీవైపీ3ఏ4. కొన్ని మందులు ఈ ఎంజైమ్‌ను బాగా పెంచేస్తాయి. అప్పుడు ఈస్ట్రోజెన్ తన పని చేసేలోపే ఖర్చయిపోతుంది. మరికొన్ని మందులు ఇదే ఎంజైమ్‌ను అడ్డుకుంటాయి. అప్పుడు ఈస్ట్రోజెన్ రక్తంలో అవసరానికి మించి పేరుకుంటుంది.

ఇది గాక ఈస్ట్రోజెన్ కాలేయంలో మరో పని చేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రోటీన్లను ఎక్కువగా తయారు చేయిస్తుంది. దీని ప్రమాదాల్లో పెద్దది, అంటే కాళ్ల నరాల్లో గడ్డలు, ఊపిరితిత్తుల్లో గడ్డలు, పక్షవాతం, ఇక్కడి నుంచే మొదలవుతుంది. చర్మం మీద అంటించే ప్యాచ్, రాసుకునే జెల్ ద్వారా ఎస్ట్రాడియోల్ తీసుకుంటే అది కాలేయం మీద ఒక్కసారిగా పడదు. అందుకే గడ్డల ముప్పు మాత్రలతో పోలిస్తే తక్కువ. కానీ వాటి ఖరీదు ఎక్కువ, ఊళ్లలో దొరకవు. మన చేతికి అందేది మాత్రే.

టీబీ మందు వాడుతుంటే మాలా-ఎన్ మీద ఆధారపడకూడదు

ఇరుకు ఇళ్లు, గాలి రాని గదులు, చాలీచాలని తిండి, దుమ్ములో పని ఉన్నచోట టీబీ ఉంటుంది. టీబీ చికిత్సలో ప్రధానమైన మందు రిఫాంపిసిన్. మామూలు టీబీకి 6 నెలల కోర్సులో ఇది మొదటి రోజు నుంచి చివరి రోజు వరకు ఉంటుంది. సీవైపీ3ఏ4 ఎంజైమ్‌ను బాగా పెంచే మందుల్లో ఇదే ముందు వరసలో ఉంటుంది.

ఫలితం ఏమిటి? ఒక అక్క రోజూ మర్చిపోకుండా మాలా-ఎన్ వేసుకుంటూ, రోజూ మర్చిపోకుండా టీబీ మందు వేసుకుంటుంది. రెండూ సక్రమంగా వాడినందుకే ఆమెకు గర్భం రావచ్చు. అప్పుడు ఇంట్లో మాట పడేది ఆమే. "మాత్ర సరిగ్గా వేసుకోలేదు" అని ఆస్పత్రిలో తిట్లు తినేదీ ఆమే. ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. ఆ రెండు మందులూ ఇచ్చిన వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం వల్ల వచ్చిన గర్భం అది.

టీబీ మందు ఆపాక కూడా ఆ ప్రభావం వెంటనే పోదు. ఇంకో 4 వారాల వరకు జాగ్రత్త అవసరం. ఈ కాలంలో కాపర్-టి గానీ, మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ గానీ వాడుకోవచ్చు. రిఫాంపిసిన్ వాటిని దెబ్బతీయదు. కండోమ్ ఎలాగూ ఉంది.

ఇంట్లో ఒకరికి టీబీ ఉంటే మిగతావారికి రాకుండా నివారణ మందు ఇస్తున్నారు. అందులో వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు ఇచ్చే కోర్సులో రిఫాపెంటిన్ ఉంటుంది. అదీ రిఫాంపిసిన్ జాతిదే. కాబట్టి జబ్బు లేకపోయినా ఆ కోర్సు తీసుకుంటున్న ఆడవాళ్లు ఇదే జాగ్రత్త తీసుకోవాలి. ఐసోనియజిడ్ ఒక్కటే ఇస్తే ఈ ఇబ్బంది లేదు.

ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఏ కారణంతోనూ టీబీ మందు మధ్యలో ఆపకూడదు. మార్చాల్సింది గర్భనిరోధక పద్ధతిని.

ఫిట్స్, తామర, హెచ్‌ఐవీ మందులు

ఫిట్స్‌కు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఎక్కువగా ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫీనోబార్బిటాల్ మూడూ రిఫాంపిసిన్ లాగే ఈస్ట్రోజెన్‌ను తొందరగా ఖర్చు చేస్తాయి. లెవెటిరాసిటం అనే మందుతో ఆ సమస్య లేదు. లామోట్రిజిన్ సంగతి తలకిందులు. ఇక్కడ ఈస్ట్రోజెనే లామోట్రిజిన్‌ను సగానికి తగ్గించేయగలదు. బాగా అదుపులో ఉన్న ఫిట్స్ గర్భనిరోధక మాత్ర మొదలుపెట్టాక మళ్లీ వస్తే కారణం ఇది కావచ్చు.

తామర మన దగ్గర ఇంటింటి సమస్య అయింది. దానికి ఇచ్చే గ్రీసియోఫుల్విన్ గర్భనిరోధక మాత్రను బలహీనం చేస్తుంది. అదే తామరకు ఇచ్చే ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్ ఎంజైమ్‌ను అడ్డుకుని ఈస్ట్రోజెన్ స్థాయిని పెంచుతాయి. జబ్బు ఒకటే అయినా మందును బట్టి ఫలితం మారిపోతుంది. "తామర గోలీలు" అని చెబితే చాలదు, అట్ట చూపించాలి.

హెచ్‌ఐవీ మందుల్లో పాతవైన నెవిరపిన్, ఎఫవిరెంజ్, రిటోనవిర్ కలిపి ఇచ్చేవి హార్మోన్ల స్థాయిని మారుస్తాయి. ఇప్పుడు ఏఆర్‌టీ కేంద్రాల్లో ఎక్కువమందికి ఇస్తున్న డోలుటెగ్రావిర్‌తో ఆ గొడవ లేదు. హార్మోన్ల కోసం హెచ్‌ఐవీ మందు ఆపడం ప్రాణాలతో చెలగాటం.

ఇక జ్వరానికో గొంతు నొప్పికో ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి మామూలు యాంటీబయాటిక్‌లు గర్భనిరోధక మాత్రను చెడగొడతాయని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. అయితే వాంతులు, విరేచనాలు గట్టిగా ఉంటే మాత్ర ఒంటికి పట్టదు. ఆ రోజులు లెక్కలోకి తీసుకుని కండోమ్ వాడుకోవాలి.

ఈస్ట్రోజెన్ దెబ్బతీసే ఇతర మందులు

థైరాయిడ్ మాత్ర వేసుకునే వాళ్లు ఈస్ట్రోజెన్ మాత్ర మొదలుపెడితే థైరాయిడ్ డోసు చాలకపోవచ్చు. రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్‌ను ఈస్ట్రోజెన్ పెంచుతుంది. మొదలుపెట్టిన 6 నుంచి 12 వారాల మధ్య టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రల్ని కూడా థైరాయిడ్ మాత్రకు 4 గంటల ఎడంగా వేసుకోవాలి.

ఆయాసానికి ఇచ్చే డెరిఫిలిన్‌లో థియోఫిలిన్ ఉంటుంది. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలతో అది ఒంట్లోంచి ఆలస్యంగా పోతుంది. గుండె దడ, వాంతి వచ్చినట్టుండటం, చేతుల వణుకు కనిపిస్తే చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి చాలాచోట్ల విచ్చలవిడిగా ఇస్తున్న ప్రెడ్నిసోలోన్ స్టెరాయిడ్ కూడా ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన జోడీ మరొకటుంది. ముట్టు ఎక్కువగా అవుతుంటే రక్తం ఆపడానికి ట్రనెక్సామిక్ యాసిడ్ ఇస్తారు. అది రక్తపు గడ్డలు కరగకుండా చేస్తుంది. గడ్డలు కట్టించే గుణమున్న ఈస్ట్రోజెన్ మాత్రతో కలిపి దాన్ని వాడకూడదు. రెండూ ముట్టు సమస్యకే ఇస్తారు కాబట్టి ఒకరి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర ఇంకొకటి తెచ్చుకుని కలిపి మింగే అవకాశం ఎక్కువ. జాతరకో పెళ్లికో ముట్టు వాయిదా వేయడానికి వేసుకునే నారెథిస్టెరాన్ కూడా ఎక్కువ డోసులో కొంత ఎథినైల్ ఎస్ట్రాడియోల్‌గా మారుతుంది. గతంలో కాళ్లలో గడ్డలు కట్టిన వాళ్లు దాన్ని షాపులో అడిగి తెచ్చుకోకూడదు.

తిండి, చుట్ట, కల్లు

అన్నం, పప్పు, మజ్జిగ, గుడ్డు, చేప, ఏదీ ఈస్ట్రోజెన్‌కు అడ్డం కాదు. వికారంగా ఉంటే అన్నం తిన్నాక మాత్ర వేసుకోవడమే మంచిది. ఏ మందు రాసినా "పెద్దకూర మానెయ్" అనడం కొందరు డాక్టర్లకు అలవాటు. ఈస్ట్రోజెన్‌కూ పెద్దకూరకూ ఏ గొడవా లేదు. రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు అందులోని ఐరన్ అవసరం కూడా. కులం చెప్పే పథ్యాన్ని వైద్యం చెప్పే పథ్యం అనుకోవద్దు.

నిజంగా జాగ్రత్త పడాల్సిన పండు గ్రేప్‌ఫ్రూట్. అది పేగుల్లోని సీవైపీ3ఏ4ను అడ్డుకుని ఈస్ట్రోజెన్ స్థాయిని పెంచుతుంది. అది మన ఊళ్లలో తక్కువే గానీ దాని దగ్గరి చుట్టమైన పంపర పనసలోనూ అలాంటి పదార్థాలుంటాయి. రోజూ తినకుండా ఉంటే సరిపోతుంది. బత్తాయి తీపి నారింజ జాతిది, దానితో ఆ ఇబ్బంది లేదు.

పొగ సంగతి వేరు. 35 ఏళ్లు దాటి పొగ తాగే ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్ర వాడితే గుండెపోటు, పక్షవాతం ముప్పు బాగా పెరుగుతుంది. "మా ఆడవాళ్లు సిగరెట్ తాగరు" అని డాక్టర్లే అనుకుంటారు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మలు ఎంతమందో వాళ్లకు తెలియదు. చుట్టా పొగే, బీడీ పొగే. అడగకపోయినా చెప్పాలి.

సారా తాగితే మాత్రగా తీసుకున్న ఎస్ట్రాడియోల్ రక్తంలో కొంతసేపు బాగా పెరుగుతుంది. కాలేయం మీదా భారం పడుతుంది. తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజిపామ్ కలుపుతున్న కేసులు పదేపదే బయటపడుతున్నాయి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ల ఒంట్లోంచి ఈ మత్తు మందులు పోవడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పడుతుంది. మత్తు ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది.

ఏ జబ్బులుంటే వద్దు?

ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రకు ముందు డాక్టర్ తప్పనిసరిగా తెలుసుకోవాల్సినవి ఇవి:

• గతంలో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు, గుండెపోటు, పక్షవాతం
• రొమ్ము క్యాన్సర్
• బీపీ 140/90 దాటి ఉండటం. 160/100 దాటితే అసలే వద్దు
• కళ్ల ముందు మెరుపులు, గీతలు కనిపించి వచ్చే పార్శ్వపు తలనొప్పి
• కామెర్లు, కాలేయ జబ్బు, పిత్తాశయంలో రాళ్లు
• కళ్లు, కిడ్నీలు దెబ్బతిన్న షుగర్ జబ్బు
• కాన్పు అయిన కొత్త. బిడ్డకు పాలిస్తుంటే తొలి 6 నెలలు ఈ మాత్ర మంచిది కాదు
• పెద్ద ఆపరేషన్ జరగబోతూ ఎక్కువ రోజులు మంచం మీద ఉండాల్సి రావడం

సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్ల రక్తానికి గడ్డకట్టే గుణం ముందే ఎక్కువ. ఆదివాసీ కుటుంబాల్లో, కొన్ని దళిత కుటుంబాల్లో ఈ జబ్బు ఉంది. వాళ్లు ఈస్ట్రోజెన్ లేని పద్ధతి అడగాలి.

చీటీ రాసే ముందు బీపీ చూడడానికి పట్టేది ఒక్క నిమిషం. మన చేయి పట్టుకుని ఆ పట్టీ కట్టాలి, అంతే. ఆ ఒక్క నిమిషం కూడా ఇవ్వకుండా మాత్ర చేతిలో పెడితే అది వైద్యం కాదు.

గర్భసంచి తీసేసిన వాళ్ల మాట

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద దాదాపు 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన కేసులో, వాటిని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. బాధితుల్లో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల ఆడవాళ్లు ఎక్కువని ఆ కేసులో కోర్టు ముందుకు వచ్చింది.

ఆపరేషన్ తర్వాత కథ ఎవరూ చెప్పరు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే ఒంట్లో ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. 35 ఏళ్లకే ముట్లు ఉడిగిన వయసు వస్తుంది. ఎముకలు పలచబడతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. వద్దనే కారణం ఏదీ లేకపోతే సహజంగా ముట్లు ఆగే వయసు, అంటే సుమారు 50 ఏళ్ల వరకు ఈస్ట్రోజెన్ ఇవ్వాలన్నది వైద్యుల సాధారణ సలహా.

దీనికి అడ్డం వచ్చేది 2002 నాటి ఒక భయం. ఆ ఏడాది అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో హార్మోన్లు వాడిన వాళ్లలో గుండె జబ్బులు, పక్షవాతం, రొమ్ము క్యాన్సర్ పెరిగాయని తేలి ఒక భాగాన్ని మధ్యలో ఆపేశారు. కానీ అందులో ఉన్నవాళ్లు 50 నుంచి 79 ఏళ్ల వాళ్లు. 35 ఏళ్లకు అండాశయాలు పోయిన కూలీ తల్లికి ఆ లెక్కను అలాగే వర్తింపజేయకూడదు.

గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు. దానితో పాటు ప్రొజెస్టిరాన్ జాతి మందు లేకపోతే గర్భసంచి లోపలి పొర పెరిగి క్యాన్సర్‌కు దారితీయవచ్చు. కాబట్టి ఆపరేషన్ కాగితాలు దాచుకోండి. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలు కూడా తీశారా అన్నది అందులో రాసి ఉండాలి. రాయకపోతే రాయించుకోండి.

ట్రాన్స్ మహిళలకు

ఆస్పత్రి గుమ్మంలోనే ఎగతాళి ఎదురైతే ఎవరైనా షాపు వైపే నడుస్తారు. షాపులో తేలిగ్గా దొరికేవి గర్భనిరోధక మాత్రలు. తొందరగా మార్పు రావాలని రోజుకు నాలుగైదు మింగేవాళ్లున్నారు. ఎథినైల్ ఎస్ట్రాడియోల్‌తో గడ్డల ముప్పు ఎక్కువ కాబట్టి ట్రాన్స్ మహిళల చికిత్సకు దాన్ని వాడొద్దని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాడాల్సింది ఎస్ట్రాడియోల్, అదీ రక్త పరీక్షలు చూసుకుంటూ. డోసు పెంచితే మార్పు వేగం పెరగదు, ముప్పు పెరుగుతుంది.

దీనితో పాటు ఇచ్చే స్పైరనోలాక్టోన్ ఒంట్లో పొటాషియంను పెంచుతుంది. బీపీకి ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి కూడా వాడుతుంటే, పైగా కొబ్బరి నీళ్లు ఎక్కువగా తాగితే పొటాషియం హద్దు దాటి గుండె లయ తప్పవచ్చు.

హార్మోన్ చికిత్స అందేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వాలదేనని 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం చెప్పింది. 2021లో హైదరాబాద్‌లో మొదలైన మిత్ర్ క్లినిక్ అమెరికా నిధులు ఆగడంతో 2025 మొదట్లో మూతపడాల్సి వచ్చింది. చట్టంలో ఉన్న హక్కు బయటి దేశపు నిధుల మీద నడవడమే ఇక్కడి సమస్య.

ఈ లక్షణాలు కనిపిస్తే ఆగొద్దు

ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, కళ్లు పచ్చబడటం. వీటిలో ఏది వచ్చినా 108కి ఫోన్ చేయండి. డాక్టర్‌తో మొదట చెప్పాల్సిన మాట "నేను హార్మోన్ మాత్ర వాడుతున్నాను" అని.

మందు వల్ల ఇబ్బంది కలిగితే ఫిర్యాదు చేసే వీలు కేంద్ర ప్రభుత్వ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమంలో ఉంది. ఉచిత ఫోన్ నంబర్ 1800-180-3024. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లతో చేయించండి.

ఈసారి ఆస్పత్రికి వెళ్లేటప్పుడు గోడకున్న ఆ కవర్‌ను అలాగే తీసుకెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టండి. ఆర్‌ఎంపీ ఇచ్చిన పేరు లేని బిళ్లలు కూడా. "ఇవన్నీ వాడుతున్నాను, ఇప్పుడు మీరు రాసింది వీటితో కలవొచ్చా?" అని అడగండి. విసుక్కుంటే మళ్లీ అడగండి. పక్కన ఆశా అక్క ఉంటే ఆమెతో అడిగించండి. జవాబు వచ్చేదాకా ఆ కవర్ బల్ల మీదే ఉంచండి.